రోజువారీ ఒత్తిడి, గాబరా: అదుపులోకి తెచ్చుకునే పద్ధతి, మెట్టు తర్వాత మెట్టు

కడపలో ఏ వీధిలో చూసినా, మనసును కుదురుగా ఉండనివ్వని సంగతి ఒక్కటైనా ప్రతి ఇంట్లో ఉంటుంది. ఒక ఇంట్లో కొడుకు డీఎస్సీకి మళ్లీ చదువుతున్నాడు, పక్కింట్లో ఇంటాయన కువైట్‌లో ఉన్నాడు, ఎదురింటి వాళ్ల బంగారం కుదువలో ఉంది, పై వాటాలో ఉండే కుర్రాడికి బెంగళూరు కంపెనీ ఎప్పుడు ఆఫీసుకు రమ్మంటుందో, ఎప్పుడు వద్దంటుందో తెలియదు. ఈ కష్టాలు నిజమైనవి. వాటిని మాయం చేసే ఉపాయం ఈ మార్గదర్శిలో లేదు. అయితే ఆ కష్టాల మీద అదనంగా వచ్చి కూర్చునే గుండెదడ, కడుపులో తిప్పడం, అర్ధరాత్రి మెలకువ, ఏ పనీ మొదలుపెట్టలేని బేజారు, ఇవన్నీ చాలావరకు తగ్గించుకోగలిగినవే. ఆ తగ్గించుకునే క్రమాన్నే ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే తర్వాతి మెట్లన్నీ సులువుగా అర్థమవుతాయి. గాబరా పుట్టినప్పుడు మనం వెంటనే ఏదో ఒకటి చేసి ఊరట పొందుతాం: ఫోను ఎత్తకుండా వదిలేస్తాం, వెళ్లాల్సిన చోటికి వెళ్లడం మానేస్తాం, ఒకే ప్రశ్నను నలుగురిని అడుగుతాం, ఒక మాత్ర వేసుకుంటాం. ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ హాయి వల్లే, తప్పించుకున్నాం కాబట్టి బతికిపోయాం అని మెదడు నమ్ముతుంది. మరుసటిసారి అదే సందర్భం ఎదురైతే అంతకుమించి భయపెడుతుంది. రోజువారీ ఒత్తిడి నెలల తరబడి పెరిగి పెద్దదవడానికి నేను చూసినంతలో ఇదే ముఖ్య కారణం.

ఇక శరీరం సంగతి. ప్రమాదం ఎదురైతే పోరాడటానికో పారిపోవడానికో శరీరం తనంతట తాను సిద్ధమవుతుందని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించారు. మూత్రపిండాల మీద టోపీలాగా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి. పాము కనబడినప్పుడు ఇదంతా మన ప్రాణం కాపాడుతుంది. అప్పులవాడి నంబరు ఫోనులో కనబడినా శరీరం అదే పని చేస్తుంది, ఎందుకంటే రెండింటి మధ్య తేడా చూసేంత ఓపిక దానికి ఆ క్షణంలో ఉండదు. అందువల్ల గుండెదడను పిచ్చికి గుర్తుగానో, పిరికితనానికి గుర్తుగానో భావించనక్కరలేదు.

మొదటి మెట్టు: వేరే జబ్బు లేదని ఒక్కసారి తేల్చుకోవడం

గాబరా లక్షణాలను అచ్చంగా అనుకరించే జబ్బులు కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, తింటున్నా బరువు తగ్గుతుంది. రక్తహీనత ఉన్న ఆడవారికి నాలుగు మెట్లెక్కితేనే గుండె కొట్టుకోవడం వినిపిస్తుంది. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి వణుకు, చెమట, అయోమయం వస్తాయి. ఆస్తమాకు వాడే కొన్ని పఫ్‌ల వల్ల కూడా గుండె వేగం పెరుగుతుంది. కాబట్టి ఒకసారి జనరల్ ఫిజీషియన్‌ను కలిసి బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, అవసరమని వారు చెబితే బి12, ఈసీజీ చేయించుకోవాలి.

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి, ఎడమ చేతికో దవడకో పాకి, చల్లని చెమట పడుతుంటే మాత్రం అది గాబరాయో గుండెపోటో ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పాక ఆ మాటను అంగీకరించడం కూడా ఈ మెట్టులో భాగమే. ఒక ల్యాబులో బాగుందంటే ఇంకో ల్యాబుకు, కడపలో చెప్పింది చాలక తిరుపతికి, అక్కడి నుంచి వేలూరుకు తిరిగేవారు మన జిల్లాలో తక్కువేం లేరు. ప్రతి కొత్త రిపోర్టూ వారం రోజులు ధైర్యాన్నిస్తుంది, ఎనిమిదో రోజు అనుమానం తిరిగి వస్తుంది. డబ్బు పోవడం ఒక నష్టమైతే, రిపోర్టు లేకుండా ధైర్యంగా ఉండే అలవాటు పోవడం అంతకన్నా పెద్ద నష్టం.

రెండో మెట్టు: వారం రోజులు రాసిపెట్టుకోవడం

ఒక మామూలు నోటుపుస్తకం తీసుకుని అయిదు గడులు గీయండి. ఎప్పుడు, ఎక్కడ అన్నది మొదటి గడి. మనసులో వచ్చిన మాట, వచ్చింది వచ్చినట్టుగా, రెండో గడి. శరీరంలో ఏమనిపించింది, పదికి ఎంత తీవ్రంగా ఉంది అన్నది మూడోది. అప్పుడు నేనేం చేశాను అన్నది నాలుగోది. అరగంట తర్వాత పదికి ఎంత ఉంది అన్నది అయిదోది. నాలుగో గడిని నిజాయతీగా నింపడమే అన్నిటికన్నా ముఖ్యం.

రాజంపేట వైపు ఒక ఇల్లాలు ఈ పుస్తకం రాస్తోందనుకుందాం. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆమె రాసే ఒక వరుస ఇలా ఉండవచ్చు: మంగళవారం రాత్రి 11:40, పడకగది. పంపిన మెసేజ్‌కు రెండు టిక్కులు పడ్డాయి, నీలం రంగు రాలేదు, అక్కడ ఇప్పుడు 9:10. మనసులో వచ్చిన మాట, బండికి ఏమన్నా అయిందేమో. గుండెదడ, అరచేతుల్లో చెమట, పదికి ఎనిమిది. ఏం చేశాను: పావుగంటలో ఏడుసార్లు ఫోను తెరిచి ఆఖరిసారి ఎప్పుడు చూశాడో చూశాను, గదిలో ఉండే ఆయన స్నేహితుడికి ఫోను చేశాను. ఆయన పడుకున్నాడని చెప్పారు. అరగంట తర్వాత పదికి మూడు.

ఈ ఒక్క వరుస చదివితే ఫోను చేయడం పనిచేసినట్టే కనిపిస్తుంది. వారం మొత్తం వరుసలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. సోమవారం రెండుసార్లు చూసిన ఫోనును శనివారం నాటికి పాతికసార్లు చూడవలసి వస్తోందని, ఊరట కలిగే సమయం మాత్రం రోజురోజుకూ తగ్గిపోతోందని తెలుస్తుంది. వారం పూర్తయ్యేవరకు దేన్నీ మార్చడానికి ప్రయత్నించకండి, రాయడం ఒక్కటే చేయండి. చాలామందికి ఈ దశలోనే తమ గాబరా రోజంతా లేదని, రెండు మూడు సమయాల్లో, రెండు మూడు విషయాల చుట్టూ మాత్రమే తిరుగుతోందని కనిపిస్తుంది.

మూడో మెట్టు: ఊపిరిని నిదానం చేయడం

గాబరాలో ఉన్న మనిషికి పక్కనున్నవారు చెప్పే మొదటి మాట గట్టిగా ఊపిరి పీల్చుకోమని. ఈ సలహా తరచూ చెడుపు చేస్తుంది. గబగబా లోతుగా పీలిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్ల చివరలు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, ఆ తిమ్మిరి చూసి భయం ఇంకా పెరుగుతుంది. వదిలే ఊపిరిని పొడిగించడం సరైన పద్ధతి, ఎందుకంటే ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది.

కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి. ఒక చెయ్యి బొడ్డు మీద, ఒకటి ఛాతీ మీద పెట్టండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చండి. బొడ్డు మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి దాదాపు కదలకూడదు. తర్వాత ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. ఈ లెక్కన నిమిషానికి ఆరు ఊపిరులు వస్తాయి. అయిదు నిమిషాల నుంచి పది నిమిషాల వరకు, రోజుకు రెండుసార్లు చేయండి. ఆరు అంకెలు కష్టంగా ఉంటే మూడుతో పీల్చి నాలుగుతో వదలండి, తర్వాత పెంచుకోవచ్చు. గాబరా లేని సమయంలో సాధన చేయడం ఇక్కడ ప్రధానం. ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు వారాలు చేసినవారికే బస్సులో, ఇంటర్వ్యూ గది బయట అది అక్కరకు వస్తుంది.

కండరాల బిగువు ఎక్కువగా ఉన్నవారికి, మెడ, భుజాలు, దవడ నొప్పి పుడుతున్నవారికి ఎడ్మండ్ జేకబ్సన్ అనే వైద్యుడు గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో రూపొందించిన పద్ధతి బాగా పనిచేస్తుంది. పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, ముఖం వరకు ఒక్కొక్క భాగాన్ని అయిదారు సెకన్లు బిగించి, తర్వాత పదిహేను ఇరవై సెకన్లు పూర్తిగా వదిలేయాలి. రాత్రి పడుకునే ముందు చేస్తే నిద్రకు కూడా మేలు. దెబ్బ తగిలిన చోట, వాపు ఉన్న చోట బిగించకండి.

ఊపిరి సాధనను గాబరా తగ్గించే మంత్రంగా పట్టుకుని, అది లేకపోతే కదలనంటే అదీ తప్పించుకునే దారే అవుతుంది. కదలడానికి తగినంత కుదురు తెచ్చుకోవడం వరకే దాని పని.

నాలుగో మెట్టు: దిగులుకు ఒక వేళ కేటాయించడం

యోచన పెట్టుకోవద్దు అని పెద్దలు చెప్పినంత మాత్రాన యోచన ఆగదు. ఆపే ప్రయత్నం చేసేకొద్దీ అదే ముందుకొస్తుంది. దానికి బదులు ఒక వేళ పెట్టి వాయిదా వేస్తే మనసు ఒప్పుకుంటుంది. థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లో ఈ పద్ధతిని పరీక్షించి ప్రచురించారు, ఇప్పటికీ చికిత్సకులు వాడుతున్నారు.

సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర వరకు, ఒకే చోట, ఒకే కుర్చీలో అనుకోండి. పడక మీద వద్దు, పడుకునే ముందు గంట అసలే వద్దు. పగలు ఏ దిగులు వచ్చినా దాన్ని ఒక్క వాక్యంగా రాసి, దీని సంగతి ఆరింటికి చూస్తానని చెప్పుకుని చేతిలో పనికి తిరిగి వెళ్లండి. పదిసార్లు వస్తే పదిసార్లూ అలాగే చేయండి. ఆరింటికి కూర్చుని ఆ వాక్యాలను రెండు భాగాలుగా విడదీయండి: నేను చేయగలిగిన పని ఉన్నవి, లేనివి.

చీనీ తోటకు బోరు నీళ్లు తగ్గిపోతున్నాయన్న దిగులులో పని ఉంది. మోటారు ఎంతసేపు నిండుగా పోస్తోందో రేపు ఉదయం గడియారం పెట్టి చూడటం, డ్రిప్ పైపుల్లో మూసుకుపోయిన చోట్లు శుభ్రం చేయడం, చెట్ల పాదుల్లో ఆకులలమలు కప్పడం. వీటిలో మొదటిది ఎవరు, ఎన్ని గంటలకు చేస్తారో రాస్తే ఆ దిగులుకు ఆ రోజుకు పని అయిపోయినట్టే. ఈ ఏడాదీ వాన మొహం చాటేస్తుందేమో అన్న దిగులులో పని లేదు. దాన్ని చదివి, నిజంగానే తెలియదు, తెలుసుకునే దారీ లేదు అని రాసి పక్కన పెట్టాలి. అలా తెలియనితనంతో కాసేపు కూర్చోవడం మొదటి వారం చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందిని భరించడమే ఇక్కడి అసలు సాధన. అరగంట అవగానే లేచి గొడ్లకు నీళ్లు పెట్టడమో, అంట్లు తోమడమో, చేతులతో చేసే పని ఏదైనా మొదలుపెట్టండి.

అయిదో మెట్టు: తప్పించుకున్న దానివైపు కొంచెం కొంచెంగా నడవడం

ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు, అన్నిటికన్నా ఫలితమిచ్చే మెట్టు కూడా. పై నాలుగూ చేసి దీన్ని వదిలేస్తే కొద్ది వారాల్లో మొదటికి వస్తుంది. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

కడపలో ఉండే ఒక యువతికి తిరుపతి బస్సులో ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, ప్రాణం పోతుందేమోనన్న భయం పట్టుకుందనుకుందాం. దీన్ని వైద్యులు పానిక్ అటాక్ అంటారు. అది సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరి, తర్వాత తనంతట తాను తగ్గిపోతుంది. ఆమె రాజంపేటలోనే దిగిపోయింది. ఆ తర్వాత బస్సు ఎక్కలేదు. పెళ్లిళ్లకు కారు మాట్లాడుకున్నారు, తర్వాత పెళ్లిళ్లకే వెళ్లడం మానేసింది, చివరికి ఊళ్లోని ఏడురోడ్ల కూడలికి వెళ్లాలన్నా తోడు కావాలి.

ఆమె ఒక కాగితం మీద బస్సుకు సంబంధించిన పనులను తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి వరుసగా రాసుకోవాలి. ఆర్టీసీ బస్టాండుకు వెళ్లి అరగంట బెంచీ మీద కూర్చుని రావడం, పదికి మూడు. ఆగి ఉన్న బస్సు ఎక్కి, బయలుదేరేలోపు దిగడం, నాలుగు. చెల్లెలితో భాకరాపేట వరకు వెళ్లి రావడం, అయిదు. అదే ఒంటరిగా, ఆరు. సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంటిమిట్ట వరకు ఒంటరిగా వెళ్లి కోదండరాముడి గుడి చూసి రావడం, ఏడు. తను దిగిపోయిన రాజంపేట వరకు, ఎనిమిది. కిటికీ పక్కన కాకుండా మధ్య సీట్లో కూర్చుని తిరుపతి వరకు, పది.

ఇప్పుడు నియమాలు. మొదటి పనిని వారంలో కనీసం మూడు నాలుగుసార్లు చేయాలి, నెలకొకసారి చేస్తే లాభం లేదు. గాబరా వచ్చాక అది సగానికి తగ్గేవరకు అక్కడే ఉండాలి. పదికి ఆరు ఉన్నప్పుడు పారిపోతే భయానికే బలం చేకూరుతుంది. అదే పని చేసినప్పుడు గాబరా పదికి రెండుకు పడిపోయాక పై పనికి వెళ్లాలి. నీళ్ల సీసా, నిమ్మకాయ, చేతిలో మాత్రల పొట్లం, ఫోనులో అమ్మ గొంతు, ఇలాంటి ఆసరాలను మొదట్లో ఉంచుకోవచ్చు, పోనుపోను ఒక్కొక్కటే ఇంట్లో వదిలి వెళ్లాలి. మధ్యలో దిగిపోవలసి వస్తే దాన్ని ఓటమిగా రాసుకోకండి. మరుసటి రోజే అంతకు ఒక మెట్టు కింది పని చేయండి.

పానిక్ అటాక్ వచ్చిన ఆ పది నిమిషాల్లో ఏం చేయాలి? డాక్టరు గుండె బాగుందని తేల్చి ఉంటే, ఇది వచ్చి పోయేదే అని చెప్పుకుని, పాదాలు నేలకు ఆనించి, కిటికీలోంచి కనబడే వాటి పేర్లు మనసులో చెప్పుకుంటూ, ఊపిరిని పొడవుగా వదులుతూ కూర్చోవడమే. దాన్ని ఆపాలని పోరాడితే ఎక్కువసేపు ఉంటుంది.

రాజంపేట ఇల్లాలికి ఇదే పద్ధతి వేరే రూపంలో అవసరమవుతుంది. ఆమె భర్తతో మాట్లాడి, డ్యూటీ అయ్యాక రోజుకు ఒకే వేళ ఫోను చేసుకోవాలని అనుకోవాలి. నీలం టిక్కులు, ఆఖరిసారి చూసిన సమయం, ఈ రెండూ సెట్టింగుల్లో ఇద్దరూ ఆపేసుకోవాలి. మొదటి వారం అనుమానం వచ్చిన పావుగంట తర్వాతే ఫోను తెరవాలి, రెండో వారం అరగంట, మూడో వారం గంట. గదిలోని స్నేహితుడికి ఫోను చేయడం మాత్రం మొదటి రోజు నుంచే మానాలి. ఆయన పదిసార్లు బాగున్నాడని చెప్పినా పదకొండోసారి అడగాలనే అనిపిస్తుంది కాబట్టి, ఆ ద్వారం తెరిచి ఉంచితే మిగతా ప్రయత్నమంతా వృథా.

ఆరో మెట్టు: అప్పు దిగులును కాగితం మీదికి దించడం

మన ప్రాంతంలో నిద్ర చెడగొట్టే కారణాల్లో అప్పు ముందు వరుసలో ఉంటుంది, అయినా ఒత్తిడి గురించి రాసేవారు దీన్ని ముట్టుకోరు. అప్పున్నవారు చేసే తప్పించుకోవడం ఒక్కటే: మొత్తం ఎంతో కూడకపోవడం. కూడితే భయమేస్తుందని కూడరు, కూడకపోవడం వల్ల భయానికి హద్దు ఉండదు.

ఒక ఆదివారం ఉదయం ఇంట్లో నమ్మకమైన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, ఏం తాకట్టు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. యాభై వేల అసలుకు నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీకే పోతుంది. బ్యాంకులో బంగారం మీద తెచ్చే అప్పుకు సాధారణంగా అందులో మూడో వంతు వడ్డీ కూడా దాటదు. కాబట్టి ఏది ముందు తీర్చాలో కాగితమే చెబుతుంది. కుదువ బంగారానికి గడువు తేదీ దగ్గరపడితే వేలం నోటీసు వచ్చేదాకా ఆగకుండా ముందే బ్రాంచికి వెళ్లి వడ్డీ కట్టి తిరగరాయించుకునే వీలుందేమో అడగండి. ఆ నడకను పై మెట్టులో చెప్పిన వరుసలో ఒక పనిగా రాసుకోండి.

వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఫోను చేయకూడదని, బెదిరించకూడదని, బంధువుల ముందు పరువు తీయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో తన కిందనున్న సంస్థలకు స్పష్టం చేసింది. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరించే లోన్ యాప్‌ల వారికి మళ్లీ డబ్బు పంపకండి. స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేయండి, ఇంట్లోవారికి ఆ రోజే చెప్పండి. వాళ్ల బలమంతా మీరు ఎవరికీ చెప్పరన్న నమ్మకం మీదే నిలబడి ఉంటుంది.

ఏడో మెట్టు: నిద్ర, టీ, నడక

కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి స్ట్రాంగ్ టీ పదకొండింటికి ఇంకా సగం మీలోనే ఉంటుందన్నమాట. మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ మానండి. రోజుకు ఆరేడు టీలు తాగేవారు ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది, రెండు రోజులకొకటి చొప్పున తగ్గించుకోండి.

రోజూ ఒకే వేళకు లేవడం, పడుకునే వేళ కన్నా ముఖ్యం. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడక మీదికి రావాలి. ఏప్రిల్, మే నెలల్లో కడప రాత్రుల వేడికి నిద్రపట్టకపోవడం సహజమే, దాన్ని గాబరా లెక్కలో రాయకండి. మిద్దె మీద నీళ్లు చల్లి పడుకోవడం, పడుకునే ముందు స్నానం వంటి పాత అలవాట్లు నిజంగా పనిచేస్తాయి. మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుంది, కానీ రాత్రి రెండో సగం చెదిరిపోతుంది, తెల్లవారాక గాబరా రెట్టింపవుతుంది.

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున వారంలో అయిదు రోజులు చురుగ్గా నడిస్తే సరిపోతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునే ముగించండి. ఫోను ఇంట్లో పెట్టి వెళ్తే మరీ మంచిది.

ఇంట్లోవారు చేయవలసినది

ఇంతమాత్రానికే ఇంత గాబరానా, నీకేం తక్కువ, ఈ రెండు మాటలూ ఎంత ప్రేమతో అన్నా గాయపరుస్తాయి. ప్రతిసారీ తోడు వెళ్లడం, ప్రతిసారీ ఏం కాదని హామీ ఇవ్వడం కూడా తప్పించుకోవడానికి సాయపడటమే. మధ్యేమార్గం ఉంది. భయంగా ఉందని తెలుసమ్మా, నువ్వు ఒంటిమిట్ట దాకా పోయి రా, వచ్చాక ఎట్లుండిందో చెప్పు, అనడం. ఆ మనిషి నోటుపుస్తకాన్ని అడగకుండా తెరవకండి.

మనసు బాగాలేనప్పుడు పెద్ద దర్గాకు వెళ్లడం, దేవుని కడపలోనో గండి ఆంజనేయస్వామి సన్నిధిలోనో కూర్చుని రావడం మన జిల్లాలో తరతరాల అలవాటు. ఆ ఊరట విలువైనది, ఎవరూ దాన్ని తీసిపారేయకూడదు. తాయెత్తు కట్టుకున్నాం కాబట్టి డాక్టరు మందు ఆపమని ఎవరు చెప్పినా మాత్రం వినకండి.

ఎప్పుడు వైద్యుడిని కలవాలి

జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల కొలమానం గత రెండు వారాల స్థితిని అడుగుతుంది. ప్రతి ప్రశ్నకు సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 21. పది, అంతకన్నా ఎక్కువ వస్తే వైద్యుడిని కలవడం మంచిది. కొలమానం లేకపోయినా, పనికి వెళ్లలేకపోవడం, వారాల తరబడి నిద్రలేకపోవడం, అన్నం సహించకపోవడం, గాబరా ఆపుకోవడానికి మద్యం అలవాటవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో చేసే సాధన ఒక్కటే చాలదు.

కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ ఓపీ చీటీ తీసుకుని చూపించుకోవచ్చు. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లోనూ ఈ విభాగాలున్నాయి. వెళ్లడానికి వెనకాడేవారు మొదట టెలిమానస్‌కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ సేవ నంబరు 14416, రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తుంటే, ఎదుటివారికి వస్తోందని అనుమానం ఉంటే, ఒక్క రోజు కూడా ఆగకండి. నేరుగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఆ మనిషికి అందని చోట తాళం వేసి ఉంచండి, ఒంటరిగా వదలకండి, 14416కో 108కో ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. మెడికల్ షాపులో నిద్ర మాత్ర అని అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కొద్ది వారాల్లోనే అలవాటుగా మారుతుంది, రోజూ వేసుకునేవారు ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావచ్చు. ఇప్పటికే వాడుతున్నవారు డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. గాబరాకు దీర్ఘకాలం వాడటానికి వైద్యులు రాసే ఎస్సెస్సారై (SSRI) రకం మందులు వేరు. అవి పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం వికారంగానో, గాబరా కాస్త పెరిగినట్టుగానో ఉంటే డాక్టరుకు చెప్పండి, మీరే ఆపేయకండి. బాగైపోయిందనిపించాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు కొనసాగించాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, శారీరక జబ్బులకు ఇచ్చిన పద్ధతిలోనే మానసిక జబ్బుల చికిత్సకూ బీమా కంపెనీలు పాలసీలో చోటివ్వాలి. పాలసీ ఉన్నవారు ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

సాధన మొదలుపెట్టిన ఆరో వారంలో మళ్లీ ఒక వారం అయిదు గడుల పుస్తకం రాయండి. మొదటి వారం నాలుగో గడినీ ఈ వారం నాలుగో గడినీ పోల్చి చూడండి. అంకెలు పెద్దగా తగ్గకపోయినా, ఫోను చూడటం సగమైతే, ఒంటరిగా ఎక్కిన బస్సులు పెరిగితే దారి సరైనదే, ఇంకో ఆరు వారాలు అదే క్రమంలో సాగండి. ఏదీ మారకపోతే ఆ రెండు వారాల పేజీలూ తీసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి. మామూలుగా అడిగే ప్రశ్నల్లో సగానికి వాటిలోనే జవాబు ఉంటుంది.